శాలువా గారికి ఒక రావిమొక్క గలావిడ రాయునది

మహారాజశ్రీ శాలువా గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఈ పక్క కుశలం ఇంకా తేలలేదు. మీరు మాత్రం జరీ అంచు చెదరకుండా క్షేమంగా ఉన్నారని కిందటి ఆదివారానికి ముందు ఆదివారం కళ్ళారా చూశాను. ఒకసారి కాదు, పదకొండుసార్లు చూశాను. ఆ సాయంత్రం లెక్కపెట్టడం తప్ప నాకు మరో పని లేకపోయింది.

మా బోన్సాయ్ సంఘం వారు పంపిన కబురులో మీ ప్రస్తావనే లేదు. “వేళ్ళ కత్తిరింపు, కుండీ మార్పిడి. ఎవరి మొక్క వారే తెచ్చుకోవాలి. ఎవరి చేతితో వారే చేయాలి. సాయంత్రం నాలుగు గంటలకు ఖచ్చితంగా.” ఖచ్చితంగా అన్న మాట చూసినప్పుడే నేను జాగ్రత్త పడవలసింది. ఇదే శిక్షణ అప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. మొదటిసారి వాన. రెండోసారి హాలు దొరకలేదు. మూడోసారి కొత్త కార్యవర్గానికి అభినందన సభ, అంటే మీరే.

అయినా వెళ్ళాను. నా రావి ఇక ఆగేలా లేదు మరి. చంద్రగిరిలో మా అత్తగారి పాతింటి గోడ పగులులో మొలిచిన మొక్క అది. గోడను చీల్చేస్తుందని పీకి పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు మొదలు నా మణికట్టంత లావు, ఎత్తు మూరెడు. ఇంట్లో రావి పెంచకూడదని చెప్పడానికి వచ్చిన బంధువులందరికీ కాఫీ ఇచ్చి పంపాను, రావిని మాత్రం పంపలేదు. కొన్నాళ్ళుగా కుండీలో నీళ్ళు పోస్తే లోపలికి దిగడం లేదు. పైనే నిలబడి నా ముఖం నాకు చూపిస్తున్నాయి. మట్టి అయిపోయింది, మిగిలినవన్నీ వేళ్ళే అని దాని అర్థం. మాఘం వెళ్ళేలోగా, కొత్త చిగురు విచ్చుకోకముందే వాటిని కోయాలి. శివరాత్రి దాటాక తిరుపతి ఎండ ఎవరి మాటా వినదు.

పుస్తకం చూసి చేసుకోవచ్చు కదా అంటారేమో. మూడో వంతు వేళ్ళు తీసేయమని పుస్తకాలు చెబుతాయి. ఏ మూడో వంతు? మన చేతిలో కత్తెర ఉండగా పక్కన కూర్చుని, “అది కాదమ్మా, దాని కిందది” అని వేలు పెట్టి చూపేవారుంటేనే వచ్చే విద్య ఇది. సంఘాలు పెట్టుకునేది అందుకే అని నేను అనుకుంటూ వచ్చాను. తమరి అభిప్రాయం వేరని ఇప్పుడు తెలిసింది.

బైరాగిపట్టెడ నుంచి ఆటోలో, కుండీ ఒడిలో పెట్టుకుని బయలుదేరాను. “ఏ గుడిలో నాటుతారమ్మా?” అని అడిగాడు డ్రైవరు. హాలు పేరు చెప్పాను. నమ్మినట్టు లేదు.

మాస్టారు బెంగళూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. ఉపోద్ఘాతం లేకుండా నాలుగింబావుకే పని మొదలుపెట్టించారు. తొమ్మిది మందిమి గోనెసంచులు పరుచుకుని నేల మీద కూర్చున్నాం. కుండీ అంచు చుట్టూ కత్తి తిప్పి, మొదలు పట్టి మెల్లగా ఊపితే నా రావి మొత్తంగా ఊడి చేతిలోకి వచ్చింది. వేళ్ళు చుట్టలు చుట్టుకుని కుండీ ఆకారాన్నే తమ ఆకారం చేసుకున్నాయి. అడుగు రంధ్రానికి కప్పిన ప్లాస్టిక్ వల గళ్ళు కూడా వాటి మీద అచ్చుపడి ఉన్నాయి. వెదురు పుల్లతో, చిన్నపిల్ల జడ చిక్కు తీసినట్టు, ఒక్కో వేరూ విడదీయడం మొదలుపెట్టాను. సగం తీసేసరికి తెల్లటి కొసలు బయటపడ్డాయి. తలవెంట్రుకలంత సన్నం. నీళ్ళు తాగేది అవే. “వీటిని ఆరనివ్వకండి, మొదలుపెట్టాక మధ్యలో లేవకండి” అని మాస్టారు అంటూ ఉండగానే గుమ్మం దగ్గర కేక వినిపించింది. ముఖ్య అతిథి వచ్చేశారు.

“అయిదే నిమిషాలు” అన్నారు కార్యదర్శి గారు. వామన వృక్షాల సంఘం కదా, సంప్రదాయం తప్పలేదు. వామనుడు కూడా మూడే అడుగులన్నాడు.

మొదట దీపం వెలిగించాలి కాబట్టి ఫ్యాన్లు ఆపారు. తరువాత మీరు వేదిక ఎక్కారు. అతిథికి ఒకటి. అతిథిని పిలుచుకొచ్చినవారికి ఒకటి. అతిథిని పిలిస్తే బాగుంటుందని సూచించినవారికి ఒకటి. హాలు ఇచ్చినవారికి, హాలు ఇప్పించినవారికి. మిమ్మల్ని కప్పడానికి పది సెకన్లు చాలు. ఫోటోలో ఎవరో కళ్ళు మూసుకున్నారని తీసి మళ్ళీ కప్పడానికి పట్టే కాలానికి మాత్రం అంతు లేదు. పైన రేకుల కప్పు, కింద మాఘమాసపు ఎండకు కాగిన గది, మనుషుల భుజాల మీద నువ్వు. క్షమించాలి, మీరు. చెమటలు కారిపోతున్నాయి, ఫ్యాన్లు వేసి పెంచండి అని వేదిక మీద నుంచి ఆజ్ఞ వచ్చింది. పెంచారు. గిర్రున తిరిగిన ఆ గాలి ఎక్కడికి వచ్చిందో చూశారా? నేల మీదికి, తొమ్మిది మొక్కల పచ్చి వేళ్ళ మీదికి.

కాదు, నువ్వే. ఇకనుంచి నువ్వే. నా రావి వేళ్ళు నా కళ్ళ ముందు తెలుపు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంటే నీకు బహువచనం వాడలేను.

లేచి నీళ్ళు తెచ్చుకుందామని చూశాను. సన్మానం జరుగుతుండగా వేదికకు అడ్డంగా నడవడం మర్యాద కాదని పక్కావిడ చీర కొంగు పట్టుకుని లాగింది. సీసాలో ఉన్న తాగే నీళ్ళు వేళ్ళ మీద చల్లాను. అతిథి ప్రసంగం ఎత్తుకున్నారు. చెట్టును ఇలా కుండీలో కుదించడం హింస కాదా అని ప్రశ్నించి, దీనికి కాయలు కాస్తాయా అని ఆరా తీసి, మొత్తానికి ఇది వాస్తుకు మంచిదేనని తీర్పు చెప్పారు. వేళ్ళు బయటపెట్టుకుని గోనెసంచుల మీద పడి ఉన్న మొక్కలను చూసి కాబోలు, హింస గురించి మరో రెండు మాటలు చెప్పారు. నిజమే, ఆ క్షణంలో ఆయన మాటను ఖండించే అర్హత మాకు లేదు.

నువ్వు లేని రోజులు ఈ సంఘానికి ఉండేవి, తెలుసా? ఎనిమిది మందిమి భవానీనగర్‌లో ఒక మేడ మీద కలిసేవాళ్ళం. వేదిక లేదు, కుర్చీలే లేవు. జపాన్ వాళ్ళ అకదామా మట్టి మనకెక్కడిది? ఇటుక ముక్కలు సుత్తితో చితక్కొట్టి, రెండు జల్లెళ్ళ మీద పోసి, పొడి పారేసి శనగగింజంత పలుకులు మిగుల్చుకునేవాళ్ళం. వాటిలో ముతక ఇసుక, చివికిన పశువుల ఎరువు. మోచేతుల దాకా ఎర్రటి దుమ్ము. అక్కడో పెద్దావిడ ఉండేవారు. కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టడం నాకు రాక, దూరం దూరంగా చుట్టేస్తుంటే నా మణికట్టు పట్టుకుని తిప్పారు. మాటతో చెప్పలేదు. ఏటవాలుగా, కొమ్మను ఒత్తకుండా, వదలకుండా ఎలా పోవాలో నా చేతికే తెలిసింది. వెళ్ళేటప్పుడు పాల సంచుల్లో కొమ్మముక్కలు పంచుకునేవాళ్ళం. నా మేడ మీది కాగితపు పూల చెట్టు, సీమచింత, జేడ్ అన్నీ అలా వచ్చినవే.

హిరోషిమా చెట్టు కథ విన్నది కూడా ఆ మేడ మీదే, ఇటుక జల్లిస్తూ. యమాకి అనే కుటుంబం తరతరాలుగా పెంచిన తెల్ల పైన్ అది. 1625 నుంచి కుండీలో ఉందని లెక్క. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు ఆ ఇల్లు దానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. పెరటి గోడ చాటున ఉన్న చెట్టు బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని, బాంబు వేసిన ఆ అమెరికాకే కానుకగా ఇచ్చేశాడు. ఇస్తూ ఆ మాట చాటుకోలేదు. 2001లో ఆయన మనవలు వాషింగ్టన్ వెళ్ళి చెట్టును చూసి చెప్పిన తరువాతే అది బాంబును తట్టుకున్నదన్న సంగతి లోకానికి తెలిసింది. పాతికేళ్ళ మౌనం! అదే చెట్టు మా సంఘం చేతికి వచ్చి ఉంటే, ఆ పాతికేళ్ళలో నువ్వెన్ని మూటలు దిగేదానివో.

న్యాయంగా చెప్పాలి, నిన్ను మొదట తెచ్చింది మేమే. ఆ పెద్దావిడకు మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక సంఘం మానుకున్న రోజున తలా కొంత వేసుకుని గాంధీ రోడ్డులో ఒకటి కొన్నాం. కప్పితే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఒక్కటీ బాగుంది. కొండ మీద శేషవస్త్రం అందుకున్నవారు దాన్ని కళ్ళకద్దుకుని బీరువాలో దాచుకుంటారు. ఆవిడా అలాగే దాచుకున్నారు. అక్కడితో నిన్ను విప్పేసి ఉండవలసింది. కొమ్మకు చుట్టిన తీగ సంగతి నీకు తెలియకపోవచ్చు. రావి, మర్రి వంటివి త్వరగా లావెక్కుతాయి. కొమ్మ వంపు తిరిగాక కూడా తీగ విప్పకుండా ఏమరుపాటుగా ఉంటే అది బెరడులోకి దిగబడుతుంది. తరువాత తీసినా ఆ మచ్చ ఏళ్ళ తరబడి పోదు. మా కార్యదర్శి గారి మెడ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది.

తొమ్మిదోది మాస్టారికి. ఆయన రెండు చేతులూ మట్టి. ఆపరేషన్ గదిలో డాక్టరులా పైకెత్తి పట్టుకుని నిలబడితే అలాగే కప్పేశారు. వెంటనే వంగి ఒక్క మొక్కకైనా పని చూపిద్దామని కత్తెర అందుకున్నారు. నీ కుచ్చు కత్తెర నోట్లో పడింది. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఆశ మెరిసింది. కత్తిరించలేదు. పెద్దమనిషి.

పదకొండోది నాకు. పాత సభ్యురాలినట. వద్దన్నాను. వినయం అనుకున్నారు. ఎడమచేతిలో వేళ్ళు వేలాడుతున్న రావి, మెడ మీద నువ్వు, ముఖం మీద ఏ భావమో నాకే తెలియదు. ఆరు గంటలకు మాస్టారి బస్సు. ఆరున్నరకు అదే హాలులో ఎవరిదో ఓణీల వేడుక. గోనెసంచులు మడిచేశాం. మరునాడు వాట్సాప్‌లో నా ఫోటోయే వేశారు. కింద “వేళ్ళ కత్తిరింపు శిక్షణ దిగ్విజయం” అని ఉంది. యాభై మంది దండాలు పెట్టారు. కోసిన వేరు ఒక్కటీ లేదు.

ఇంటికి తడి కాగితం చుట్టి తెచ్చాను. కనీసం ఇప్పుడైనా పనికొస్తావేమో అని నిన్ను బకెట్లో ముంచాను. నీళ్ళు నీ మీద బొట్లు బొట్లుగా నిలిచి జారిపోయాయి. ఒక్క చుక్క తాగలేదు! అంత మెరుపు, అంత అంచు, లోపల నూలు పోగు లేదు. మా ఆయన తువ్వాలు తడిపి వేళ్ళకు చుట్టాను. రాత్రి తొమ్మిదింటికి వరండా బల్బు కింద, పక్కన ఎవరూ లేకుండా, ఏ మూడో వంతో తెలియకుండా కోశాను. కోసిన చోటల్లా పాలు చిమ్మాయి. ఆ పాలు చూసి కొంచెం ధైర్యం వచ్చింది. అడుగున అడ్డంగా పరుచుకున్న లావు వేరు దగ్గర చేయి ఆగిపోయింది. తీయాలా, ఉంచాలా? పావుగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. మాస్టారు పక్కనుంటే ఒక్క మాట. తీసేశాను. కుండీ రంధ్రాల్లోంచి తీగ పోనిచ్చి మొక్క కదలకుండా కట్టి, ఇటుక పలుకులు నింపి, పుల్లతో కూరి, అడుగు నుంచి తేట నీరు వచ్చేదాకా పోశాను.

తెల్లవారి మేడ మీద నీడ కోసం చూస్తే, ఆకుపచ్చ వలను కోతులు ఎప్పుడో చీల్చి పెట్టాయి. వేళ్ళు కోసిన మొక్కకు రెండు మూడు వారాలు మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు. దగ్గర్లో ఉన్నది నువ్వే. బట్టలు ఆరేసే తీగకు రెండు కొసలు, పిట్టగోడ మేకులకు రెండు కొసలు కట్టాను. “సన్మానం దానికా, నీకా?” అన్నారు మా ఆయన. జవాబు చెప్పలేదు.

నువ్వు ఎండను బాగానే ఆపుతున్నావు. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు గానీ, ఆ పలచటి నేత ఇందుకే పుట్టిందా అన్నంత బాగా ఆపుతున్నావు. పది గంటల వేళ నీ జరీ అంచు నీడ కుండీ మీద గీతలు గీతలుగా పడుతుంది. ఇంకా చిగురు రాలేదు. ఈ ఉదయం ఒక సన్నకొమ్మను గోటితో గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. ఇంకోటి గీరాను. అది గోధుమరంగు.

ఇంకో పదిరోజులు అక్కడే ఉండు, కదలకు. గాలికి ముడి వదులైతే నేను వచ్చి బిగిస్తాను. వచ్చే నెల రెండో ఆదివారం మా సంఘం సమావేశం ఉంది, “తీగ చుట్టడం – ప్రత్యక్ష శిక్షణ” అని కబురు వచ్చింది, సాయంత్రం నాలుగు గంటలకు ఖచ్చితంగానట. నీ బంధువులు ఎంతమంది వస్తున్నారో కనుక్కుని చెప్పు. దాన్ని బట్టి మొక్కను తీసుకెళ్ళాలో వద్దో చూసుకుంటాను.

ఇట్లు,
పదకొండో శాలువా గలావిడ,
బైరాగిపట్టెడ, తిరుపతి