ఎడారి అంటని ఎడారి యాత్ర

ఎడారికి వెళ్లినవాడిని ఎడారి బారిన పడకుండా తిరిగి ఇంటికి చేర్చడమే గైడెడ్ టూరుకు పరమధర్మమని, దసరా సెలవుల్లో జైపూర్‌లో బస్సెక్కి ఆరో రోజున జోధ్‌పూర్‌లో దిగిన అనుభవంతో సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఎడారి అనేది మొదటినుంచీ నిర్వహణ సరిగా లేని ప్రదేశం. నీళ్లుండవు, నీడ ఉండదు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే బోర్డయినా ఉండదు. అటువంటి దానికి పొద్దున టిఫిను, సాయంత్రం టీ బిస్కట్లు, రెండు గంటలకొక మరుగుదొడ్డి, మేనేజరు మెడలో ఒక విజిల్ సమకూర్చి, నలభై మంది తెలుగువాళ్లు చూడదగ్గ వస్తువుగా తీర్చిదిద్దిన టూరు సంస్థల సేవను ప్రభుత్వాలు ఇంతవరకూ గుర్తించకపోవడం విచారకరం.

బికనీర్ నుంచి జైసల్మేర్‌కు సుమారు 330 కిలోమీటర్లు. దారిలో ఫలోదీ అనే ఊరు వస్తుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఎండ కాసింది, ఆ రోజుకి దేశంలో అదే రికార్డు. ఆ ఊరు దాటుతున్నప్పుడు మా బస్సులో సగం మంది శాలువాలు కప్పుకుని ఏసీ తగ్గించమని క్లీనరును బతిమాలుతుండగా, తక్కిన సగం పెంచమని గదమాయిస్తున్నారు. ఫలోదీకి మేమిచ్చిన గౌరవం అంతే. ఆ తర్వాత పోఖ్రాన్‌లో టీ తాగాము. 1974లోనూ 1998లోనూ అణుపరీక్షలు జరిగిన స్థలాన్ని ఎవరినీ చూడనివ్వరు కనుక, మేనేజరు మైకులో “అదుగో, ఆ పక్కన ఎక్కడో” అని చెయ్యి చూపించాడు. మేమందరం ఆ ఎక్కడోను ఫోటో తీసుకున్నాము.

భోజనం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బస్సు డిక్కీలో గ్యాసు స్టవ్వుతో, బియ్యం బస్తాతో, ఆవకాయ జాడీతో ఇద్దరు వంటవాళ్లు మాతోపాటే ప్రయాణం చేశారు. థార్ నడిబొడ్డున వేడివేడి ముద్దపప్పు తిన్నవాడికి మాత్రమే నాగరికత ఎంతదూరం వచ్చిందో తెలుస్తుంది. ఒక్క రోజు, సిలిండరు అయిపోయిన కారణంగా, దాబాలో తినవలసి వచ్చింది. అక్కడ కేర్ సాంగ్రీ అనే కూర వడ్డించారు. నల్లగా, పుల్లల్లాగా ఉంది. సాంగ్రీ అంటే ఖేజ్డీ చెట్టు కాయలను ఎండబెట్టినవని, కరువు రోజుల్లో ఈ నేలమీద మనుషులను బతికించిన తిండి అదేనని వడ్డించిన కుర్రాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఖేజ్డీ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. కూరను కంచం అంచుకు నెట్టి పెరుగు ఉందా అని అడిగాము.

జైసల్మేర్ దగ్గరి కుల్‌ధారా అనే పాడుబడ్డ ఊరి గురించి గైడు చెప్పిన కథ మాత్రం అద్భుతం. దుర్మార్గుడైన దివాను సాలం సింగ్ ఒక అమ్మాయి మీద కన్నేయగా, 84 గ్రామాల పాలీవాల్ బ్రాహ్మణులు ఒక్క రాత్రిలో ఊళ్లు వదిలి, శాపం పెట్టి వెళ్లిపోయారట. ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట ఖడీన్ అనే కట్టలు కట్టి, కొండల మీంచి జారిన నీటిని నిలిపి, ఆ తడిలో గోధుమ పండించినవాళ్లు ఆ పాలీవాల్‌లే. నీళ్లు అడుగంటి కొద్దికొద్దిగా వలసపోయి ఉంటారని చెప్పే పరిశోధకులూ ఉన్నారు. కానీ బావి ఎండిపోయిన కథకు బక్షీసు రాలదు. శాపం కథకు మనిషికి యాభై చొప్పున రాలింది.

ఇక ముఖ్య ఘట్టం. జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక తిన్నెల దగ్గర మాకు కేటాయించిన సమయం 45 నిమిషాలు. అందులో ఒంటెకు 15, జీపుకు 15, సూర్యాస్తమయానికి 10, మిగిలిన ఐదు చెప్పుల్లో ఇసుక దులుపుకోవడానికి. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుందని ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల నేను దాని మెడను కావలించుకుని పది సెకన్లపాటు భగవన్నామస్మరణ చేశాను. దేశంలో ఒంటెలు 2012 లెక్కల్లో నాలుగు లక్షలుంటే 2019 నాటికి రెండున్నర లక్షలకు పడిపోయాయి కనుక, ఉన్నవాటికి సాయంత్రపు ఉద్యోగం కల్పిస్తున్న మమ్మల్ని చూసి అవి అంత చిరాకు పడవలసిన అవసరం లేదు. సూర్యుడు కూడా సహకరించలేదు. పట్టికను హైదరాబాద్ లెక్కన వేసినట్టున్నారు. జైసల్మేర్ బాగా పడమరన ఉంది కనుక అక్కడ పొద్దు దాదాపు ఇరవై నిమిషాలు ఆలస్యంగా గుంకుతుంది. మేనేజరు విజిల్ వేసినప్పటికి సూర్యుడింకా తాటిచెట్టంత ఎత్తున ఉన్నాడు. సూర్యాస్తమయాన్ని బస్సు వెనక అద్దంలోంచి చూశాము.

మా బృందంలో అనంతపురం జిల్లా పెద్దాయన ఒకరు జీపు ఎక్కలేదు, ఒంటె ఎక్కలేదు, ఇసుకలో గొంతుక్కూర్చుని పిడికిట్లోంచి ఇసుక జారవిడుస్తూ ఉండిపోయాడు. కారణం అడిగాను. “మా కణేకల్లు కాడ ఏటి ఇసుక గాలికి లేసి చేన్లోకే వస్తాది గదప్పా. టిక్కెట్టు ఎవురూ అడగరు” అన్నాడు. ఇటువంటి వ్యక్తులను టూర్లలో చేర్చుకునే ముందు సంస్థలు కొంత విచారణ జరపాలి.

రాత్రి గుడారాల్లో మాంగణియార్లు వచ్చారు. తరతరాలుగా పోషకుల ఇళ్లలో పెళ్లికీ పురుడుకీ పాడుతూ వచ్చిన ఆ గాయకులు కమాయచా అనే తంతి వాద్యం మీద ఒక రాగం ఎత్తుకుని అప్పుడే విస్తరిస్తుండగా, వెనక వరసలోంచి “తెలుగు పాట!” అని కేక వినిపించింది. వాళ్లు నవ్వి, వాద్యాలు గుడ్డల్లో చుట్టుకున్నారు. డీజే వచ్చాడు.

ఆరో రోజు విజయదశమి. జోధ్‌పూర్‌లో హస్తకళల దుకాణానికి రెండు గంటలు ఇచ్చారు. ఊరికి దాదాపు పాతిక కిలోమీటర్లలోనే ఖేజడ్లీ ఉంది. 1730లో రాజుగారి మనుషులు ఖేజ్డీ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయిలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చిన చోటది. అక్కడ రజాయిలు అమ్మరు కనుక పట్టికలో లేదు.

కూకట్‌పల్లి పిన్నిగారొకరు పొద్దుటినుంచీ ఒకటే గొడవ: “పండగపూట జమ్మి ఆకు ఎక్కడైనా చూడు బాబూ.” మేనేజరు ఓపికగా నచ్చజెప్పాడు: “ఇక్కడ జమ్మి ఎక్కడ దొరుకుతుంది మేడమ్, ఇది ఎడారి కదా.” ఖేజ్డీ అన్నా జమ్మి అన్నా ఒకటే చెట్టని, రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదేనని నాకు ఇంటికొచ్చాకే తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే కార్యక్రమం ఆలస్యమయ్యేదని సంతోషించాను.

పిన్నిగారు తక్కువ తినలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి జిప్పు కవరు తీశారు. హైదరాబాద్ నుంచి తెచ్చిన జమ్మి రెమ్మలు, వారం నాటివి, సగం రాలిపోయి ఉన్నాయి. దుకాణం ముందు పార్కింగులో ఎండ మండిపోతోంది కనుక అందరం అక్కడున్న ఒకే ఒక్క చెట్టు నీడన చేరి, “బంగారం, బంగారం” అనుకుంటూ తలొక ఆకు పంచుకున్నాము, పెద్దల కాళ్లకు మొక్కాము. అనంతపురం పెద్దాయన తల పైకెత్తి, అందిన కొమ్మ వంచి, ఒక రెమ్మ తుంచి, పిన్నిగారిచ్చిన ఆకు పక్కన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఏమ్మా, ఇదీ…” అనబోయేసరికి మేనేజరు విజిల్ వేశాడు.