పిల్లల్ని కనండంటున్నారు సరే, చూసేదెవరు?

విజయనగరంలోని ఒక డే కేర్ ఈ ఏడాదికి తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపిన ఫీజుల కాగితం మా డెస్కు మీదకు వచ్చింది. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఒక్కరిని పట్టుకుని దులిపేస్తే తీరే జబ్బు కాదిది. కాగితంలో అడ్మిషన్ ఫీజు ఉంది, ఏటేటా అదే పిల్లకు మళ్లీ అదే అడ్మిషన్ ఫీజు ఉంది. డయపర్ మార్చడానికి వేరే, ఏసీ గదికి వేరే. దసరాకు, సంక్రాంతికి తలుపులు మూసేసినా నెల ఫీజు పూర్తిగా కట్టాలి. చివర్న ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక: సాయంత్రం ఆరు దాటితే పావుగంటకు ఇంత చొప్పున జరిమానా, మూడుసార్లు ఆలస్యమైతే సీటు రద్దు. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబోమన్న మాట మాత్రం పైనా కిందా చెప్పిందే చెప్పారు. ఆయాలు ఎంతమంది, ఒక్కొక్కరి చేతిలో ఎందరు పిల్లలు, బిడ్డకు ఒళ్లు కాలితే ఏ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు అన్న సంగతి కాగితం మొత్తం వెతికినా లేదు.

అద్దెలు పెరిగాయి, ఆయాలు దొరకడం లేదు, కరెంటు బిల్లు కట్టాలి కదా అని నిర్వాహకులు అంటారు. అందులో కొంత నిజమే. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టే తల్లికి ఇంకో దారి లేకుండా చేసిందెవరన్నదే మా ప్రశ్న. ఫీజు వసూలు చేసేవాడి మీద కన్నా, ఆమెను ఆ గుమ్మం దగ్గరకు తోసి చేతులు దులుపుకున్న ప్రభుత్వాల మీదే మాకు ఎక్కువ కోపంగా ఉంది.

పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వేదిక వేదికకూ చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లోనే తీసేశారు. మన విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు ఇంకో అడుగు ముందుకేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయల డిపాజిట్, మగపిల్లాడైతే ఆవు, అదీ తన జీతంలోంచి ఇస్తానని 2025 మార్చిలో ప్రకటించారు. సొంత డబ్బు సొంత ఇష్టం, కాదనం. ఆవును చూసుకోవడానికి కూడా ఇంట్లో ఒక మనిషి ఉండాలన్నది మాత్రం ఆ సభలో ఎవరికీ తోచినట్టు లేదు.

ఇది ఒక చేత్తో చేసిన పని. రెండో చేత్తో ఏం చేశారో చూడండి. అదే 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటలను 9 నుంచి 10కి పెంచడానికి, మహిళలను రాత్రి షిఫ్టుల్లోకి తీసుకోవడానికి పచ్చజెండా ఊపింది. మహిళ సమ్మతి తీసుకోవాలి, వాహనం పెట్టాలి, భద్రత ఉండాలి అని షరతులు రాశారు. బాగుంది. రాత్రి పదింటికి ఆమెను ఎక్కించుకోవడానికి కంపెనీ బండి వస్తుంది. ఆమె ఒళ్లో ఉన్న ఏడాది పిల్ల ఏ బండి ఎక్కాలి? అంగన్‌వాడీ సాయంత్రం నాలుగింటికే తాళం వేస్తుంది. మన ఊళ్ల డే కేర్‌లు ఆరు దాటాక నిమిషాలు లెక్కపెడతాయి. మరి రోజుకు పది గంటల పని, రానూపోనూ ప్రయాణం కలిపి ఈ లెక్క ఎవరు ఎలా కుదిర్చారో ఆ ఫైలు మీద సంతకం పెట్టినవారే చెప్పాలి.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో చేరుతున్న ఆడపిల్లలను అడగండి. కెమిస్ట్రీ డిగ్రీ ఉంటుంది, క్వాలిటీ కంట్రోల్‌లో ఉద్యోగం ఉంటుంది, తెల్లవారకముందే రోడ్డెక్కాల్సిన షిఫ్టు ఉంటుంది. పెళ్లయి బిడ్డ పుట్టే దాకా బండి నడుస్తుంది. ఆ తర్వాత రణస్థలంలోనో లావేరులోనో అత్తగారు ఓపిక ఉన్న మనిషైతే ఉద్యోగం నిలుస్తుంది, ఆవిడకు మోకాళ్ల నొప్పులుంటే పోతుంది. ఒక అమ్మాయి చదువు, జీతం, పీఎఫ్ అన్నీ అత్తగారి మోకాళ్ల మీద ఆధారపడి ఉన్న జిల్లాలివి. ఉత్తరాంధ్ర పారిశ్రామికంగా దూసుకుపోతోందని, భోగాపురం విమానాశ్రయంతో దశ తిరుగుతుందని చెప్పే ఉపన్యాసాల్లో ఈ ముక్క వినబడదు.

చట్టం లేదా అంటే నిక్షేపంలా ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే ఉద్యోగుల చంటిపిల్లలను చూసుకునే గది పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఈ సంగతి ఉద్యోగంలో చేరేనాడే ఆమెకు రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ సవరణే చెప్పింది. మీ చేతిలో ఉన్న నియామక పత్రం తీసి చూసుకోండి, ఆ వాక్యం ఉందేమో. దానికి ఏడు దశాబ్దాల ముందు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 50 మందికి మించి మహిళలు పనిచేసే చోట పిల్లలకు గది, చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఉండాలని రాశారు. 1976లో ఆ 50ని 30కి తగ్గించారు. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చి ఆ 30ని 50 చేశాయి. మహిళల లెక్క పోయి మొత్తం కార్మికుల లెక్క వచ్చిందిగా అని సర్దిచెబుతారు. నలభై మంది పనిచేసే షెడ్డులో అందరూ ఆడవాళ్లే అయితే? నిన్నటి దాకా కాగితం మీదైనా హక్కు ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఎక్కడుంది అలాంటి షెడ్డు అని శ్రమపడి వెతకక్కర్లేదు. పలాస, కాశీబుగ్గ వెళితే చాలు. జీడి పిక్క కొట్టి పప్పు తీసేది దాదాపుగా ఆడవాళ్లే. కిలోకింత కూలి. పిక్క తొక్కలోని నూనె తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది, బూడిద రాసుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. ఆ చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోకూడదని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు. ‘గుంటని ఎవులకి ఒగ్గీసి రాను?’ అని ఆ ఇల్లాలు అడిగితే జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. అయిదో తరగతో ఆరో తరగతో చదువుతున్న పెద్దపిల్ల ఆ రోజుకు బడి మానేస్తుంది. హాజరుపట్టీలో ఆ గైర్హాజరీకి టీచరు కారణం అడుగుతారు, అమ్మాయి తల వంచుకుంటుంది. బాలికా విద్య మీద గోడ రాతలు రాయించే జిల్లా యంత్రాంగానికి ఆ తల ఎందుకు వంగిందో తెలియదనుకోవాలా?

ఇక్కడే మోసం మరీ స్పష్టంగా కనబడుతుంది. 26 వారాల సెలవు అయిపోయేసరికి బిడ్డకు ఆరో నెల. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండాక. ఈ మధ్యలో రెండున్నరేళ్ల పాటు ఆ బిడ్డకు ప్రభుత్వం ఇచ్చేది బాలామృతం ప్యాకెట్టు, బరువు తూచే కాటా. ప్యాకెట్టు ఇంటికి వస్తుంది, సరే. కలిపి తినిపించే చేయి ఫ్యాక్టరీలో ఉంది. తల్లికి వందనం కింద ఏడాదికి 15,000 అంటున్న పథకం కూడా ఒకటో తరగతిలో చేరాకే మొదలవుతుంది. స్త్రీ శక్తి పథకంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం. మంచి పథకమే, మేము అప్పుడే మెచ్చుకున్నాం. కానీ పనికి వెళ్లడానికి బస్సు ఉచితమై, పిల్లను వదలడానికి చోటు లేకపోతే ఆ బస్సు ఆమెను పుట్టింటికి తీసుకెళ్లడానికే పనికొస్తుంది.

డబ్బు లేదనే వారికి ఒక లెక్క. కేంద్రం నడిపిన జాతీయ క్రెష్ పథకంలో నెలకు రుసుము ఎంతో తెలుసా? దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబానికి 20 రూపాయలు. తల్లిదండ్రులిద్దరి నెల ఆదాయం కలిపి 12,000 లోపైతే 100. ఆపైన 200. పాతికమంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు, రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు. అంటే తక్కువ రుసుముతో పిల్లల్ని చూడటం ఎలాగో ప్రభుత్వానికి తెలియక కాదు. 2017లో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 30, స్వచ్ఛంద సంస్థ 10 శాతంగా పంచారు. అంతకుముందు 90 శాతం భరించిన కేంద్రం భుజం దించుకుంది, రాష్ట్రాలు భుజం పెట్టలేదు, కేంద్రాలు వరసగా మూతపడ్డాయి. 2022లో ‘పాల్నా’ అని పేరు మార్చి, అంగన్‌వాడీతో పాటే క్రెష్ అన్నారు. దేశమంతటికీ లక్ష్యం 17,000. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. వందకు ఒకటి చిల్లర! ఆ చిల్లరలో శ్రీకాకుళానికి, విజయనగరానికి రాలేది ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

అంగన్‌వాడీ కార్యకర్తలతోనే అదనపు గంటలు చేయిద్దామని ఎవరో అధికారి ఉచిత సలహా ఇస్తారని తెలుసు కాబట్టి ముందే గుర్తు చేస్తున్నాం. 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగిన అంగన్‌వాడీలు 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటి వైసీపీ ప్రభుత్వం వారి మీద అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది, సచివాలయ సిబ్బందిని పంపి తాళాలు పగలగొట్టించింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ! జీతం అడిగితే మాత్రం గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద సేవకురాలు! కార్యకర్తకు అప్పుడు 11,500, సహాయకురాలికి 7,000. పార్టీ మారింది కానీ పిల్లల్ని చూసే పనిని పనిగా లెక్కించని బుద్ధి మారలేదు. ప్రైవేటు డే కేర్ ఆయా కథా అంతే. పొద్దున్నే మన పిల్లకు పాలు పట్టడానికి వచ్చే ఆవిడ తన పిల్లను ఎక్కడ వదిలి వచ్చిందో ఫీజు కట్టేవాళ్లూ అడగరు, కట్టించుకునేవాళ్లూ చెప్పరు.

ప్రైవేటు వాటి సంగతికి వస్తే, రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్నా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఏదని అడుగుతారు. పది నెలల పిల్లల్ని పదిమందిని గదిలో ఉంచుకోవడానికి ఓ ఫ్లెక్సీ, రెండు ప్లాస్టిక్ ఏనుగు బొమ్మలు, గోడకు మిక్కీ మౌస్ పెయింటింగ్ సరిపోతున్నాయి. ఈ వయసు పిల్లల సంస్థలకు నియంత్రణ వ్యవస్థ కావాలని చిన్నపిల్లల సంరక్షణ, విద్యపై 2013లో వచ్చిన జాతీయ విధానమే చెప్పింది. మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక మనిషి ఉండాలని 2018లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ క్రెష్‌ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మార్గదర్శకం కనుక ఎవరూ పాటించక్కర్లేదని అందరికీ అర్థమైపోయింది. డే కేర్ గురించి ఫిర్యాదు చేయబోతే విద్యాశాఖ ఇది బడి కాదు అంటుంది, శిశు సంక్షేమ శాఖ ఇది అంగన్‌వాడీ కాదు అంటుంది, మున్సిపాలిటీ మాకు ట్రేడ్ లైసెన్సు కట్టారు కదా అంటుంది. బిడ్డకు ఏదైనా జరిగిన రోజున మాత్రం ఈ ముగ్గురూ కెమెరాల ముందు వరసగా నిలబడి విచారణకు ఆదేశించామంటారు.

ఫీజులకు కళ్లెం వేసే ముందు ప్రభుత్వం తన వంతు చేయాలి. ఇండస్ట్రియల్ ఎస్టేట్లకు భూమి ఇచ్చేటప్పుడే క్రెష్‌కు స్థలం కేటాయించి, చిన్న యూనిట్లన్నీ కలిసి ఒకటి నడుపుకొనేలా నిబంధన రాయవచ్చు. ఉమ్మడి క్రెష్‌కు చట్టం ఒప్పుకుంటుంది కూడా. పలాసలో జీడి వ్యాపారులు అందరూ కలిసి ధరలు మాట్లాడుకోగలిగినప్పుడు కలిసి ఒక ఉయ్యాల గది నడపలేరా? కలెక్టరేట్లు, బోధనాసుపత్రులు, పోలీసు కార్యాలయాలు ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు, ఒక మెమోతో మొదలుపెట్టవచ్చు. డే కేర్‌లకు ఫీజు, ఆయాల సంఖ్య, పని వేళలు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలన్న ఒక్క ఉత్తర్వు ఇస్తే సగం దోపిడీ సిగ్గుపడి తగ్గుతుంది. ఇందులో ఏదీ అమరావతి నుంచి వందల కోట్లు రావాల్సిన పని కాదు.

బిడ్డకు నానమ్మ ఒడిని మించిన డే కేర్ ఉంటుందా అని కొందరు పెద్దమనుషులు మురిపెంగా అంటుంటారు. నానమ్మ ఒడి గొప్పదే. ఆ నానమ్మ ఉపాధి పనికి వెళ్తోంది, కొడుకు వలస వెళ్లాడు, ఆమెకు బీపీ మాత్రలు అయిపోయి నాలుగు రోజులైంది. మన పల్లెల గురించి తెలియకుండా మురిసిపోవడం సులువు. ఆ ఉపాధి పనిలో కూడా, ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే వాళ్లను చూడటానికే ఒక కూలీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 చట్టం చెప్పింది. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఎండలో మట్టి మోసిన తల్లులకు ఆ మాట చెప్పిన ఫీల్డ్ అసిస్టెంట్లు ఎందరున్నారో అధికారులే గుండెల మీద చేయి వేసుకుని చెప్పాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్మిక, ఫ్యాక్టరీల శాఖల అధికారులకు సూటిగా చెబుతున్నాం. 50 మంది దాటిన సంస్థలు మీ పరిధిలో ఎన్ని, వాటిలో క్రెష్ ఉన్నవి ఎన్ని, లేనివాటికి ఇచ్చిన నోటీసులు ఎన్ని, ఆ జాబితా ఈ నెలాఖరులోగా పేర్లతో సహా బయట పెట్టండి. గది ఉందని రిజిస్టరులో టిక్కు పెట్టి, లోపల పాత కుర్చీలు, పగిలిన డ్రమ్ములు ఉన్నవాటిని జాబితాలో కలపకండి. తనిఖీకి వెళ్లినప్పుడు టీ తాగి రావడం కాదు, ఆ గదిలో పిల్ల ఉందో లేదో చూసి రండి. ఆ పని చేతకాకపోతే మహిళల రాత్రి షిఫ్టులకు అనుమతుల ఫైళ్లు కదపడం ఆపండి, మూడో బిడ్డ గురించి వేదికలెక్కి మాట్లాడే నాయకులనూ కాస్త నోరు కట్టుకోమనండి.