మాత్రలు సొంతంగా ఆపకండమ్మా

గర్భానికి ముందు డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) మందులను డాక్టరును అడిగే మార్చుకోవాలని మీరు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. మాది అమలాపురం దగ్గర పల్లె. "కడుపు పండాలంటే ఆ మాత్రలు మానెయ్యమ్మా" అని అత్తయ్యగారు అంటే డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ ఒక్కసారిగా ఆపేశాను. వారంలోనే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం. నెల తిరిగేసరికి మంచం దిగలేకపోయాను. కొబ్బరి తోటలోకి నడవడానికి కూడా ఓపిక లేదు.

కాకినాడలో సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు మాట్లాడుకుని సెర్ట్రలిన్‌నే మళ్లీ మొదలుపెట్టారు. గర్భిణులకు ఎక్కువగా రాసే మందుల్లో అదొకటి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్రం నా విషయంలో ఆపి చూద్దామన్నారు, అందరికీ అలాగే చెప్పరు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందునుంచే ఇచ్చారు. వాల్‌ప్రోయేట్ (మూర్ఛకు, తీవ్రమైన మూడ్ మార్పులకు ఇచ్చే మందు) వాడేవాళ్లయితే గర్భం రాకముందే తప్పక అడగండి, అది బిడ్డకు ప్రమాదం. అత్తయ్యగారిని కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడు "మాత్ర వేసుకున్నావా" అని ఆవిడే అడుగుతారు. రాత్రిళ్లు మరీ టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ అడగరు.