కొన్నది పేరా, పనితనమా?

సినిమా హైదరాబాద్‌కు తరలిపోయినా చెన్నై వడపళని, సాలిగ్రామం వైపు కెమెరాలు అద్దెకిచ్చే తెలుగువారు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవారు ఇక్కడే నిలదొక్కుకున్నారు. ఫలానా కెమెరా కంపెనీ చేతులు మారిందని తెలియగానే వారు అడిగే మొదటి మాట ‘ఇకపై స్పేర్లు దొరుకుతాయా?’ అనే.

యాజమాన్యం మారితే నాణ్యత పడిపోయి తీరుతుందన్న వాదన మాకు సమ్మతం కాదు. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారం వదులుకుంటే సోనీ అందుకుంది. పాత మినోల్టా ఆటోఫోకస్ లెన్స్‌ను వెనక్కి తిప్పి చూడండి. అంచున చిన్న గాడి ఉంటుంది. బాడీలోంచి స్క్రూడ్రైవర్ మొనలాంటి కడ్డీ వచ్చి అందులో కూర్చుని తిరిగితే ఫోకస్ అవుతుంది. 1985 నాటి ఆ ఏర్పాటును సోనీ తన తొలి ఆల్ఫాలో చెక్కుచెదరనివ్వలేదు. అప్పు చేసి లెన్సులు కొన్నవారి సొమ్ము మట్టిపాలు కాలేదు. ఆ లెన్సులు బిగే మౌంట్ (లెన్స్ అమర్చే చోటు) గల కెమెరాలు 2021లో ఆగిపోయాయి గానీ, సర్దుకోవడానికి పదిహేనేళ్ల వ్యవధి దక్కింది.

హాసెల్‌బ్లాడ్ కెమెరా కంపెనీ కథ వేరు. 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన పేరది. పెట్టుబడి సంస్థ చేతిలో ఉండగా 2012లో సోనీ కెమెరా నెక్స్-7కే చెక్క పిడి తొడిగి, ‘లూనార్’ అని పేరు పెట్టి సుమారు 5,000 యూరోల ధర చెప్పింది. అంత పరువు గల కంపెనీ ఆ పనికి దిగడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అదే కంపెనీ 2017లో డ్రోన్లు తయారుచేసే డీజేఐ అధీనంలోకి వెళ్లాక, 2022లో 10 కోట్ల పిక్సెళ్ల కొత్త కెమెరాతో తలెత్తుకుంది. కంపెనీని కొన్నవారికి కావలసింది కెమెరా విద్యా, లేక బోర్డు మీది పేరా అన్న దగ్గరే తేడా వస్తుంది. పెంటాక్స్ కెమెరా కంపెనీని తీసుకున్న హోయా సంస్థ, వైద్యులు వాడే ఎండోస్కోపుల విభాగం అట్టిపెట్టుకుని, 2011లో కెమెరాలను రికోకు అమ్మేసింది.

2022లో తనపైనే పేటెంట్ దావా వేసిన సినిమా కెమెరాల కంపెనీ రెడ్‌ను నికాన్ 2024లో కొనేసింది. రెడ్ కెమెరాలతో షూటింగులు చేసే యూనిట్లకు ఆ బేరం తిండిగింజల వ్యవహారం. స్పేర్లు ఆగిపోతే ఏమవుతుందో చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడగండి. చచ్చిన బాడీ విప్పి, దాని షట్టర్ మరోదానికి బిగించి, ముహూర్తం వేళకు అందించాల్సి వస్తుంది.

రిపేరు హక్కు కోసం కేంద్రం 2022లో కమిటీ వేసింది. కంపెనీల అమ్మకాలనూ ఆ హక్కు పరిధిలోకి తేవాలని కోరుతున్నాం. కొనే సంస్థ పాత మోడళ్లకు స్పేర్లు, సర్వీసు ఎన్నేళ్లు ఇస్తుందో ఒప్పందం నాడే ప్రకటించాలి. ఆ హామీ బిల్లు పుస్తకం మీద అచ్చయి ఉండాలి.