సొంత డప్పు, ఎనభై మంది సాయం

సమకాలీన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కొత్త రచన ఒకసారి మోగడం పెద్ద కష్టమేమీ కాదు. 'ప్రపంచంలోనే తొలి ప్రదర్శన' అని పోస్టరు మీద వేసుకోవాలని ఏ ఆర్కెస్ట్రాకైనా ఉంటుంది. 'ప్రపంచంలోనే రెండోసారి' అని వేస్తే టికెట్లెవరు కొంటారు? అందుకే ముందుచూపున్న స్వరకర్త బేటన్ (ఆర్కెస్ట్రాని నడిపే కండక్టరు చేతికర్ర) పట్టడం నేర్చుకుంటాడు. అప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోకుండా తన డప్పు తానే కొట్టుకోవచ్చు. జీతం తీసుకుని మరీ సాయపడేందుకు ఎనభై మంది ఎదురుగా కూర్చునే ఉంటారు.

ఈ దారిలో నడిచిన పూర్వీకులు సామాన్యులు కారు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కొలువులోని స్వరకర్త ల్యూలీ సొంత రచనకి తాళం వేయిస్తూ బరువైన కర్రతో తన కాలే పొడుచుకున్నాడు. పుండు కుళ్లి 1687లో పోయాడు. ఇప్పటి బేటన్ తేలిక కనుక కాళ్లకు భయం లేదు, పోయేదల్లా కాలమే. స్వరకర్త మాలర్ 1897 నుంచి 1907 దాకా వియన్నా కోర్ట్ ఒపేరా నడుపుతూ తన సింఫనీలు రాయడాన్ని వేసవి సెలవులకు నెట్టాడు. ఫ్రెంచి స్వరకర్త, కండక్టరు బూలెజ్ సంగతి ఇంకా ఘనం. 1945లో పన్నెండు చిట్టి పియానో ముక్కలు రాసి, 1970ల చివర్లో వాటిని పెద్ద ఆర్కెస్ట్రాకి పెంచడం మొదలుపెట్టాడు. దేశదేశాల ఆర్కెస్ట్రాలు నడిపి 2016లో కన్నుమూసేనాటికి తేలినవి ఐదు. మిగతా ఏడూ బాకీ.

కార్యక్రమంలో మీ చోటు మీరు పుట్టకముందే ఖాయమైంది: ముందు మీ పదీ పన్నెండు నిమిషాలు, తర్వాత పేరున్న సోలోయిస్టు కాన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరు ముందుండి వాయించే రచన), విరామం, చివర్న పందొమ్మిదో శతాబ్దపు మహాస్వరకర్త బ్రామ్స్. మిమ్మల్ని చివర్న పెడితే జనం విరామంలోనే ఇంటిదారి పడతారు. ముందు పెడితే ఆలస్యంగా వచ్చినవాళ్లు మాత్రమే తప్పించుకుంటారు. కాబట్టి నలభై నిమిషాల మహత్తర ఆలోచన తట్టినా, పదకొండు నిమిషాల దగ్గర దానికి జ్ఞానోదయం కావాలి.

రాసేటప్పుడు కంప్యూటర్ వినిపించేది నమ్మకండి. అందులో ఆల్టో ఫ్లూట్ (మంద్రంగా పలికే ఫ్లూటు) కింది స్వరాలు గట్టిగా మోగే మూడు ట్రాంబోన్లను దాటుకుని శుభ్రంగా వస్తాయి. హాల్లో అయితే ఫ్లూటిస్టు ఊదుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. హార్ప్‌కి 47 తీగలున్నాయి కదా అని ఆశపడవద్దు, పెడళ్లు ఏడే. ఒకటి తొక్కితే ఆ పేరున్న స్వరం అన్ని స్థాయిల్లోనూ ఒకేసారి మారిపోతుంది. వేగంగా అర్ధస్వరాల వరస రాశారా, వేళ్లు ఊరుకుంటాయి, కాళ్లు నాట్యం చేస్తాయి. ఫ్లూటు దించి 'పికలో' అనే చిట్టి ఫ్లూటు ఎత్తమంటే నాలుగు బార్లయినా (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తి) వదలండి. చల్లారిన పికలో శ్రుతి దిగి పలుకుతుంది, ఆ పాపం విమర్శకుడు మీ సౌందర్య దృష్టికి అంటగడతాడు. విల్లు తిరగేసి కర్రతో తీగల్ని కొట్టమన్నారనుకోండి, ఖరీదైన విల్లున్నవాళ్లు మారుమాట్లాడకుండా జేబులోంచి పెన్సిల్ తీస్తారు.

స్కోరు (అందరి స్వరాలూ ఒకేచోట ఉన్న ప్రతి) అందం చూసి పోటీల న్యాయనిర్ణేతలు మురుస్తారు. వాయించేవాళ్లు చూసేది మాత్రం పార్టుల్ని, అంటే ఎవరి స్వరాలు వాళ్లకి విడిగా వేసిన కాగితాల్ని. వయొలిన్లలో ఇద్దరికొక స్టాండు, పేజీ తిప్పేది లోపలివైపు కూర్చున్న మనిషి. మీ మహాగర్జన సరిగ్గా పేజీ మలుపులో పడితే సగం మందే గర్జిస్తారు. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరకి తొంభై బార్ల విశ్రాంతి ఇచ్చి, చివర్న గుర్తుగా పక్కవాయిద్యం స్వరాలు (క్యూ) రెండు బార్లయినా అచ్చువేయకపోతే, ఆయన లెక్క తప్పి ఎక్కడ లేస్తాడో దేవుడికే ఎరుక.

రిహార్సల్ రెండున్నర మూడు గంటలు, మధ్యలో విరామం. అందులో సింహభాగం కాన్చెర్టోకీ బ్రామ్స్‌కీ పోగా మిగిలింది మీది. అప్పుడు రెండో క్లారినెట్ చెయ్యెత్తి, "63వ బార్లో నాది ఎఫ్ షార్పా, నేచురలా?" అని, అంటే ఆ స్వరాన్ని అర్ధస్వరం పెంచాలా వద్దా అని, వినయంగా అడుగుతుంది. మీరు అరనిమిషం స్కోరులో వెతికితే ఎనభై మందికి కలిపి నలభై నిమిషాల జీతం. గుర్తులేకపోయినా తడుముకోకుండా "షార్ప్" అనండి. ఇంకెవరి రచనైనా అయితే కండక్టరు తలగోక్కోవచ్చు, రాసినవాడికి ఆ సౌకర్యం లేదు. పైగా సొంత రచన నడిపేవాడికి చెవి మోసం చేస్తుంది: వేదిక మీద మోగిందాన్ని కాక, తన బల్ల దగ్గర ఊహించుకున్నదాన్నే వింటుంటాడు. అందుకే హాలు వెనక వరసలో స్కోరుతో ఓ సహాయకుణ్ణి కూర్చోబెట్టండి. మొహమాటం లేనివాణ్ణి చూసుకోండి, మీ దగ్గర కంపోజిషన్ నేర్చుకుంటున్నవాడు పనికిరాడు.

ఏదైనా ఆర్కెస్ట్రాకి సంగీత దర్శకులయ్యారా, ఇక రెండో ప్రదర్శన బెంగ తీరినట్టే. మీలాగే బేటన్ పట్టిన మరో స్వరకర్త రచన మీరు వేయండి, మీది ఆయన వేస్తాడు. పరస్పరం డబ్బా కొట్టుకోవడం దీనికి పాతపేరు. కరపత్రాల్లో 'కళాత్మక భాగస్వామ్యం' అని వేస్తారు.

కచేరీ అయ్యాక పార్టుల్ని కట్టకట్టేముందు ఓసారి తిరగేయండి, పత్రికల్లో రాని సమీక్ష వాటిలో ఉంటుంది. ప్రమాదం పొంచి ఉన్న చోట వాయించేవాళ్లు పెన్సిల్‌తో చిన్న కళ్లజోడు గీసుకుంటారు, ఇక్కడ కండక్టర్ని చూడు అని. ఆ కళ్లజోడుకి అడ్డగీత ఉంటే, చూడకపోవడమే క్షేమమని. అడ్డగీతలున్న బార్లు మూడు దాటితే స్వరకర్తగా మీరు కండక్టర్ని మార్చాలి. కండక్టరుగా మీరు స్కోరు మార్చమంటారు.