స్టార్టప్ టైం స్క్రీన్‌షాట్ సరే, స్లిప్పు ఆగితే మీకు చెప్పేదెవరు?

ఈ మధ్య స్ప్రింగ్ బూట్ (జావాలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) గ్రూపుల్లో రోజుకొకరు ఒకటే స్క్రీన్‌షాట్ పెడుతున్నారు. జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే ఇంజిన్) మీద లేవడానికి అయిదారు సెకన్లు పట్టే అప్లికేషన్ నేటివ్ ఇమేజ్ చేశాక, అంటే గ్రాల్‌వీఎం అనే టూల్‌తో ముందే మెషీన్ కోడ్‌గా కంపైల్ చేశాక, సెకనులో పదో వంతులో లేచిందని. నిజమే, లేస్తుంది. దానితో నాకు పేచీ లేదు. లేచాక అది ఏం చేస్తోందో మీకెట్లా తెలుస్తుంది అని అడిగితే మాత్రం జవాబుండదు. నా కోపం అక్కడ.

నేనుండేది మిర్యాలగూడలో. ఒక రైస్ మిల్లుకు వడ్ల లారీల టోకెన్లు, కాంటా తూకం, రైతుకిచ్చే స్లిప్పు చూసుకునే చిన్న వెబ్ అప్లికేషన్ రాశాను. సర్వర్‌కున్నది 1 జీబీ ర్యామ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా అందులోనే. ఇంకా పెద్దది కొనమని మిల్లు వాళ్లను అడగలేను. 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3తో నేటివ్‌కు అధికారికంగా సపోర్ట్ దొరికాక, మాలాంటి చిన్న సర్వర్ల వాళ్లకు మెమరీ తక్కువ తినే ఇదే దారి అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. బిల్డ్ అవుతున్నంతసేపు నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కూడా కదలదు కానీ, అది ఓపిక పడితే పోయే బాధ.

యాసంగి కోతలప్పుడు జరిగింది చెప్తాను. తేమ ఎక్కువున్న వడ్లకు తరుగు రాసిచ్చే స్లిప్పు వేరే ఉంటుంది. మొదటి రోజుల్లో ఎండిన వడ్లే వచ్చాయి, అంతా బాగానే నడిచింది. ఓ రాత్రి వాన పడింది. పొద్దున్నే కాంటా దగ్గర నుంచి ఫోన్: "తమ్మీ, స్లిప్పు వస్తలేదు, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డయి." హెల్త్ చెక్ తెరిచి చూస్తే అంతా పచ్చగా ఉంది. అప్లికేషన్ లేచే ఉంది, డేటాబేస్ పలుకుతోంది. హెల్త్ చెక్ చూసేది అంతవరకే. నలభై నిమిషాలు ప్రింటర్ అని, నెట్ అని వాళ్లతో వెతికించాను. రైతులు ట్రాక్టర్ల మీదే కూర్చుని చూస్తున్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అసలు సంగతి ఏమిటంటే, తరుగు స్లిప్పు క్లాసును జాక్సన్ (ఆబ్జెక్టులను జేసన్ టెక్స్ట్‌గా మార్చే లైబ్రరీ) రిఫ్లెక్షన్‌తో, అంటే నడిచేటప్పుడే క్లాసులో ఏమున్నాయో వెతికి, చదువుతుంది. కంట్రోలర్ (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే కోడ్) నుంచి నేరుగా బయటికెళ్లే క్లాసులను స్ప్రింగ్ తానే పట్టుకుని బిల్డ్‌లో నమోదు చేస్తుంది. దీన్ని నేను జాక్సన్‌లోని ఆబ్జెక్ట్‌మ్యాపర్‌తో విడిగా మార్చాను, అందుకే స్ప్రింగ్ కంటపడలేదు. నేటివ్ ఇమేజ్‌లో రిఫ్లెక్షన్‌కు ఏమేం కావాలో బిల్డ్ నాడే చెప్పాలి; చెప్పనిది నడిచేటప్పుడు దొరకదు. జేవీఎం మీద అది తప్పే కాదు కాబట్టి నా టెస్టులన్నీ పాసయ్యాయి. 'రిజిస్టర్ రిఫ్లెక్షన్ ఫర్ బైండింగ్' అని కోడ్ మీద పెట్టే ఒక్క యానోటేషన్ (గుర్తు)తో సరిపోయింది. టెస్టులను కూడా నేటివ్‌గా కంపైల్ చేసి నడపచ్చు. అందులో ఆ స్లిప్పుకొక టెస్టు రాసుకుని ఉంటే ముందే బయటపడేది.

"ముందు నడవనీ, మానిటరింగ్ తర్వాత చూద్దాం" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. జేవీఎం మీద ఆ మాట కొంత చెల్లుతుంది. నడుస్తున్న ప్రాసెస్ నుంచే హీప్ డంప్ (మెమరీలో ఏముందో చూపే ఫైల్) తీయచ్చు, ఫ్లైట్ రికార్డర్ (లోపల ఏం జరుగుతోందో రాసుకునే టూల్) ఆన్ చేయచ్చు. గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్‌లో ఆ రెండూ కావాలంటే బిల్డ్ కమాండ్‌లోనే 'ఎనేబుల్ మానిటరింగ్' అని రాసి ఉండాలి. జేవీఎంకు తగిలించినట్టు ఏజెంట్ జార్‌ను (ప్రోగ్రాంను కనిపెట్టుకుని ఉండే కోడ్ ఫైల్) తర్వాత తెచ్చి తగిలిస్తానంటే కుదరదు. సమస్య వచ్చిన రోజు గుర్తొస్తే మళ్లీ బిల్డ్ చేసి, అదే సమస్య మళ్లీ వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి.

మెమరీ తక్కువ తింటుందని కూడా నిశ్చింతగా వదిలేయకండి. మామూలుగా వచ్చే సీరియల్ జీసీ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం)తో నేటివ్ ఇమేజ్ హీప్ (ప్రోగ్రాం తన డేటాకు వాడే మెమరీ) మెషీన్ ర్యామ్‌లో 80 శాతం దాకా పెరగచ్చు. జేవీఎంలో మామూలుగా అది పావు వంతు. పక్కనే డేటాబేస్ ఉన్న 1 జీబీ సర్వర్‌లో 80 శాతమంటే, రద్దీ రోజున లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. నేను 256 ఎంబీ దాటకుండా పరిమితి పెట్టాను.

ఇప్పుడు ఒక్కో రకం స్లిప్పు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఫెయిలయ్యాయి అనే లెక్క మైక్రోమీటర్ అనే లైబ్రరీ ద్వారా ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్‌కు వెళ్తుంది. ప్రొమీథియస్‌ను ఆ సర్వర్ మీద కాకుండా వేరే మెషీన్‌లో నడుపుతున్నాను. అయిదు నిమిషాల్లో రెండు స్లిప్పులు ఫెయిలైతే నా ఫోన్ మోగుతుంది. మొన్న ఒకసారి మోగింది. కాంటా దగ్గర అన్నకు నేనే ముందు ఫోన్ చేసి, "అన్నా, పది నిమిషాలు చేతిస్లిప్పు రాసివ్వు, సరిచేస్తున్నా" అన్నాను. ఆ రోజు ట్రాక్టర్లు ఆగలేదు.