మహారాజశ్రీ ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) గారి దివ్యసముఖమునకు

అయ్యా,

విషయం: వాట్సాప్ స్టేటస్ – సంజాయిషీ – సమర్పించుట – గురించి.

సూచిక: నిన్న రెండో శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదుంబావు దాకా మండలాఫీసు వరండాలో నేను కూర్చున్న మూడుకాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ.

అసలు సంజాయిషీ నిన్ననే ఇచ్చేశాను లెండి, ఆఫీసు వారికి. "తెలియక జరిగిన పొరపాటు", "ఇకమీదట పునరావృతం కానివ్వను" అని అక్షరం పొల్లుపోకుండా రాశాను. నేను సొంతంగా రాయబోతుంటే జూనియర్ అసిస్టెంటు గారు ఆపి, ఒక పాత జిరాక్సు చేతిలో పెట్టి, పేరూ తేదీ మార్చి దించేయండి మేడం అన్నారు. అది ఎవరి సంజాయిషీయో గానీ ఆయనదీ నాదీ ఒకటే తప్పు. ఆఫీసుకిచ్చిన కాగితంలో ఒక్క నిజం లేదు కాబట్టి, నిజం ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు కాబట్టి, ఈ ఉత్తరం నేరుగా తమరికి.

నేరం వివరాలు. స్టేటస్ పూర్తి పాఠం ఇది: "పొద్దున్న ముప్పావుగంట నా ముఖం నాదేనని ఫోన్‌కి రుజువు చేసుకున్నా. నాలుగో తరగతికి పదమూడో ఎక్కం రేపు." పక్కన నవ్వుతూ ఏడ్చే బొమ్మ ఒకటి. సాయంత్రం ఆరున్నరకి, ఇంట్లో, పోపు వేగుతుండగా పెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో తనంతట తానే చచ్చిపోయే ప్రాణి అది. 61 మంది చూశారు. వాళ్ళలో మా పిన్ని ఉంది, పాలబ్బాయి ఉన్నాడు, గ్యాస్ బండ తెచ్చే అతను ఉన్నాడు, వాయిదాల మీద చీరలమ్మే మేడం ఉన్నారు. ఆ 61 మందిలో ఒకరు స్క్రీన్‌షాట్ తీశారు. ఎవరో నాకు తెలుసు. చీరల మేడం కాదు.

మూడో రోజు మెమో. "సామాజిక మాధ్యమములందు ప్రభుత్వ కార్యక్రమమును కించపరచు రీతిలో, నవ్వుచూ ఏడ్చుచున్న బొమ్మతో సహా, వ్యాఖ్యానించినందులకు" అని మొదలైంది. ఆ వాక్యం రాసినాయన ఎవరో గానీ పాదాభివందనం. ఇన్నేళ్ళ సర్వీసులో నేను రాసిన ఏ వాక్యాన్నీ ఎవరూ ఇంత శ్రద్ధగా చదవలేదు. నేను రాసే లెసన్ ప్లాన్లు అయితే అసలు తెరిచి కూడా చూడరు.

ఆ మెమో నాకెలా అందిందో ఊహించండి. వాట్సాప్‌లో. 143 మంది ఉన్న మండలం గ్రూపులో పీడీఎఫ్ పడేసి, కింద నన్ను ట్యాగ్ చేసి, "అందినట్టు సంతకం చేసి, ఫోటో తీసి, గ్రూపులో పోస్ట్ చేయగలరు" అన్నారు. నా మాట 61 మంది చూస్తే పోయిన ప్రతిష్ఠ, అదే మాటని కొటేషన్ల మధ్య పెట్టి 143 మందికి పంపితే తిరిగొచ్చిందా? ఎక్కాలు చెప్పుకునేదాన్ని కాబట్టి అడుగుతున్నా. సాయంత్రానికి పక్క జిల్లాలో పనిచేసే నా ట్రైనింగ్ ఫ్రెండ్, పదేళ్ళుగా మా మధ్య మాటల్లేవు, ఫోన్ చేసి "నీ పదమూడో ఎక్కం భలే ఉందే" అంది. ఆ రకంగా మమ్మల్ని కలిపినందుకు తమరికి కృతజ్ఞతలు.

తమరంటే నాకు మొదట్నుంచీ భయభక్తులే. డిపార్ట్‌మెంటల్ టెస్టుకి మిమ్మల్ని చదివాను. పుస్తకం చూస్తూ రాసే పరీక్ష కాబట్టి గట్టెక్కాను. మీరు పుట్టింది 1964లో, కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రి అయిన కొత్తలో. మీ ఈడు మాస్టార్లందరికీ శాలువాలు కప్పేశాం, మీకు మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్. రాష్ట్రం రెండయినా మీరు రెండు చోట్లా డ్యూటీలో ఉన్నారు. మీ కాలంలో ఉద్యోగి నోరు విప్పడమంటే పత్రికకి రాయడమో రేడియోలో మాట్లాడటమో, అందుకే వాటి గురించి రాసుకున్నారు, అర్థం చేసుకోగలను. మాస్టారు సాయంత్రం అరుగు మీద కూర్చుని "ఇవాళ ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రాణం తీశాడ్రా" అంటే దాని మీద మెమో ఎవరూ ఇవ్వలేదు, ఎందుకంటే అరుగుకి స్క్రీన్‌షాట్ లేదు. నా స్టేటస్ ఆ అరుగేనండీ. ఇప్పుడు ఇళ్ళకి అరుగులు కట్టడం మానేశారు, అంతే తేడా.

సరే, ముఖం సంగతికి వద్దాం. మాది ఇద్దరు టీచర్ల బడి. సిగ్నల్ బడి లోపల రాదు, నీళ్ళ ట్యాంకు దగ్గర వస్తుంది, కానీ ట్యాంకు దగ్గరికెళ్తే హాజరు యాప్ "మీరు పాఠశాల ఆవరణలో లేరు" అంటుంది. ఈ రెంటికీ మధ్య, గేటు పక్కన వేపచెట్టు కింద, రెండు చదరపు గజాల పుణ్యస్థలం ఒకటుంది. 2022లో ఈ ముఖాల హాజరు వచ్చినప్పటి నుంచీ నా ఉదయాలు అక్కడే తెల్లవారుతున్నాయి. మబ్బు పడితే గుర్తుపట్టదు. ఎండ ఎక్కువైనా గుర్తుపట్టదు. ఆ రోజు జలుబు చేసి ముక్కు ఎర్రబడింది, అదీ నచ్చలేదు. చుట్టూ పిల్లలు మూగి సలహాలు. నాలుగో తరగతి వాడొకడు నా ముందు నిలబడి రెండు చేతులతో కనురెప్పలు పైకి లాగి పట్టుకుని, "ఇట్టా పెట్టండి టీచర్, మా అన్న ఆధార్‌కి ఇట్టాగే పెట్టాడు" అన్నాడు. వాడు చెప్పినట్టు పెడితే పని జరిగింది. అంటే నా హాజరు పడాలంటే నేను దెయ్యం చూసినదానిలా ఉండాలి. ఇందులో నేను కల్పించిందేమీ లేదు, స్టేటస్‌లో పెట్టింది ఇందులో పదో వంతు కూడా కాదు.

అంతవరకూ సరే. హాజరు వేసుకోవద్దని నేననను. వేళకి రాని వాళ్ళు మా జాతిలో ఉన్నారు, వాళ్ళ వల్లే ఈ తిప్పలు, అది నాకూ తెలుసు. కానీ ఫోన్ ఎవరిదండీ?

ఈ ఒక్క ప్రశ్నకి సమాధానం చెప్పి తర్వాత ఎన్ని మెమోలైనా ఇచ్చుకోండి. ఫోన్ ఎవరిది? పదమూడు వేలు పెట్టి, ఆరు వాయిదాల్లో, నేను కొన్నాను. రీచార్జ్ ఎవరిది? నాది. బ్యాటరీ మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోతే ఆయా ఇంటి నుంచి ఛార్జర్ తెప్పించుకునేది నేను. ఆ ఫోన్‌లో రోజూ నేను ప్రభుత్వం వారికి పంపే బొమ్మలేమిటో ఎప్పుడైనా చూశారా? గుడ్లు. ఉడికిన గుడ్లు ట్రేలో ఒకసారి, పిల్లల కంచాల్లో ఒకసారి. చిక్కీ. బియ్యం బస్తా మీద ముద్ర. కొన్నేళ్ళు మరుగుదొడ్లు కూడా తీశాను, కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి. ఆ పని తర్వాత తీసేశారు, దానికి ఒక దండం, కానీ ఫోటోలు ఇంకా నా గ్యాలరీలోనే ఉన్నాయి, తీసేస్తే ఎవరైనా అడుగుతారేమోనని భయం. పోయిన నెల కొత్త వెర్షన్ వేసుకోమన్నారు. స్టోరేజ్ లేదంది. ఏం తీయాలా అని చూసుకుంటే, గుడ్లు రుజువులు, దొడ్లు రుజువులు, ట్రైనింగ్ వీడియోలు చూసినట్టు రుజువులు. నావంటూ మిగిలింది మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో ఒక్కటే. అది తీసేశాను. నాలుగు నిమిషాల వీడియో, మా అత్తగారు మంగళహారతి పాడుతుంటే మధ్యలో పదం మర్చిపోయి నవ్వుకున్న ముక్క అందులో ఉంది, ఇంకెక్కడా లేదు. అది పోయి, దాని చోట్లో యాప్ కూర్చుంది.

ఇప్పుడు చెప్పండి. రోజంతా ఆ ఫోన్ మీది, డబ్బు నాది, చెయ్యి నాది, వేలు నాది. సాయంత్రం ఆరున్నరకి అదే ఫోన్‌లో నా సొంతానికి రెండు లైన్లు రాసుకుంటే, ఠక్కున అది "సామాజిక మాధ్యమము" అయిపోయి నేను దుష్ప్రవర్తన చేసినదాన్నయ్యాను. వందల గుడ్లు పెట్టవచ్చు, ఒక్క వాక్యం పెట్టకూడదు! బొమ్మ తీసి పంపమంటే విధి, చూసిన దాని గురించి మాట చెబితే నేరం. మీకు నా కళ్ళు కావాలి, చూపుడువేలు కావాలి, నోరు మాత్రం ఇంట్లో వదిలేసి రావాలి. అసలు ఇంట్లో కూడా తెరవకూడదని కదా నిన్నటి మెమో. అయ్యా గియ్యా అని ఎంతసేపని రాస్తాను, ఒళ్ళు మండుతోంది నాకు.

(మళ్ళీ మర్యాదలోకి వస్తున్నాను. మధ్యలో మంచినీళ్ళు తాగొచ్చాను.)

వరండాలో కూర్చున్న మూడుగంటల్లో పక్కనే మా యూనియన్ ఆయన కూడా వేరే పనిమీద కూర్చుని ఉంటే, కాలక్షేపానికి చట్టం చెప్పారు. తమరు పుట్టడానికి రెండేళ్ళ ముందే, 1962లో, బిహార్‌కి చెందిన కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, సర్కారు కొలువులో చేరినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులు పోవని తేల్చిందట. సమ్మె హక్కు లేదు గానీ, శాంతియుతంగా చేసే ప్రదర్శనల్ని కూడా మొత్తంగా నిషేధించిన నియమం చెల్లదని కొట్టేసిందట. అంటే మీరు పుట్టేనాటికే బిహార్‌లో మీ అన్నగారికి కోర్టులో దెబ్బ తగిలి ఉంది. ఈ మధ్య 2020లో త్రిపుర హైకోర్టు ఫేస్‌బుక్ పోస్టు గురించి కూడా అదే మాట అంది. ఆ ఉద్యోగిని రిటైర్మెంట్‌కి నాలుగు రోజుల ముందు సస్పెండ్ చేశారట. నాలుగు రోజులు! హద్దులూ ఉన్నాయి అంది కోర్టు, హక్కూ ఉంది అంది. నేను అడిగేదీ ఆ రెండో ముక్కే.

ఇంటికొచ్చి మా అమ్మాయి సివిక్స్ పుస్తకం తిరగేశాను. మాట్లాడే హక్కుకి 19(2)లో ఎనిమిది కళ్ళేలు ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. నా పదమూడో ఎక్కం వీటిలో దేని కింద పడుతుందో ఎంత ఆలోచించినా తట్టలేదు. పరువు అంటారా, ఎవరి పరువు? యాప్‌దా? వేపచెట్టుదా?

మిగతా ఫిర్యాదులు చాలా ఉన్నాయి గానీ తొందరగా ముగిస్తాను. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం టీచర్లకి జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువు బయటి పనులు చెప్పకూడదు. 2020 మే నెలలో విశాఖ వైపు మా వాళ్ళని మద్యం షాపుల దగ్గర క్యూలు సరిచేయడానికి వేశారు. అది విపత్తు సహాయం కిందికే వస్తుందేమో, నలభై రోజులు మందు లేకపోవడం కొందరికి విపత్తే. టీచరు హోదాకి తగనిది అక్కడ తమరికేమీ కనిపించలేదు. నా నవ్వు బొమ్మలో కనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నాది మోసం అవుతుంది. అసలు హద్దే వద్దని నేననడం లేదు. పరీక్షల సీజన్‌లో మా గ్రూపుల్లోనే పిల్లల జవాబు పత్రాలు ఫోటో తీసి "చూడండి ఏం రాశాడో" అని తిప్పుతారు, పేరూ రోల్ నంబరూ కనపడుతూనే ఉంటాయి. ఆ పిల్లాడు రేపు పెద్దయ్యాక కూడా ఆ ఫోటో ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉంటుంది. నేనూ ఒకసారి నవ్వి ముందుకు పంపాను, సిగ్గుపడుతున్నాను. దాని మీద ఒక్క మెమో రాలేదండీ. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా. పిల్లాడి పరువుకి స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపేవాళ్ళు లేరు మరి.

నిన్న ఐదింటికి సార్ ఫీల్డు నుంచి వచ్చారు. నా కాగితం చూడకుండానే సంతకం పెట్టి, "ఎందుకమ్మా ఇవన్నీ, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అన్నారు. అదే రోజు ఆయనకీ పైనుంచి ఏదో మెమో వచ్చిందట, మండలం శాతం తగ్గినందుకు. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. గుర్తుపట్టలేనంతగా ఉంది.

బయటికొస్తుంటే జూనియర్ అసిస్టెంటు గారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, చుట్టూ చూసి, తన ఫోన్ తీశారు. "ఇదిగో మేడం, స్టేటస్‌లో ప్రైవసీ అని ఉంటుంది, 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' నొక్కి మన డిపార్ట్‌మెంట్ వాళ్ళందరినీ టిక్ పెట్టేయండి" అని ఓపిగ్గా నేర్పించారు. ఆయన లిస్టులో 212 మంది ఉన్నారు. తర్వాత, చూపించాలో వద్దో అన్నట్టు ఒక క్షణం ఆగి, ఆ రోజు తను పెట్టుకున్న స్టేటస్ చూపించారు. అందులో ఏముందో రాయను, మీరు ఊరుకోరు. మెట్ల మీద ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం, అచ్చం ఆ బొమ్మలాగే.

ఇట్లు
తమ విధేయురాలు,
సెకండరీ గ్రేడ్ టీచర్, డీఎస్సీ 2002.

పేరు రాయడం లేదు. ముఖం ఎలాగూ మీ దగ్గర ఉందిగా.